కర్ణుని చావుకు కారణాలెన్ని?

కర్ణుని చావుకు కారణాలనేకమని తెలుగునాట పండితుడూ అంటాడు, పామరుడూ అంటాడు. బాణం వేసినవాడు అర్జునుడొక్కడే. కాని గురువు ఇచ్చిన శాపం, విప్రుడు ఇచ్చిన శాపం, కవచకుండలాలు యాచించి పుచ్చుకొన్న ఇంద్రుడు, కన్నబిడ్డను ఏటిపాలు చేసిన తల్లి, రథం మీదనే కూర్చుండి మనసు విరిచిన శల్యుడు - ఇందరినీ లెక్కలోనికి తెచ్చుకొని గాని మన పెద్దలు ఆ కథ ముగించరు. చంపిన చేయి ఒకటి. ఆ చావుకు దారితీసిన చేతులు అనేకం. మొదటిదానిని న్యాయస్థానం విచారిస్తుంది. తక్కినవానిని విచారించవలసినది కథ. ఆ పని చేయని కథ ఎన్ని కన్నీళ్లు కార్పించినా తన ధర్మం నెరవేర్చనట్లే.

సాయంకాలమయ్యేసరికి మన ఇండ్లలో టెలివిజన్ ధారావాహికలు ఆరంభమవుతవి. వానిలో చావులకు కొదువ లేదు. పాలలో విషం కలుపుతారు, మెట్లమీదినుంచి త్రోస్తారు, కారు బ్రేకులు తెగగొడతారు. చచ్చినవారు కొందరు కొన్నాళ్లకు నడిచివస్తారు కూడ. ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’ అనే హిందీ ధారావాహికలో 2001లో కథానాయకుడు మిహిర్ మరణించగా ప్రేక్షకులు గగ్గోలు పెట్టారు; అతనిని మరల బ్రతికించి తెచ్చారు. ఇట్టి కథలలో చావు ఉన్నది గాని, ఆ చావుకు జవాబు చెప్పేవారు లేరు. పోలీసులు వచ్చినా అది ఒక పూట ముచ్చటే.

జవాబు అడిగిన ధారావాహిక ఒకటి ఇంగ్లండులో వచ్చినది. 1982 నవంబరులో చానల్ ఫోర్ ప్రారంభించిన ‘బ్రూక్‌సైడ్’ లివర్‌పూల్ నగరంలోని ఒక చిన్న వీధి కథ. ఫిల్ రెడ్మండ్ దాని సృష్టికర్త. ఆ వీధికి 1993లో జోర్డాష్ అనే కుటుంబం వచ్చినది. తండ్రి ట్రెవర్ భార్యను హింసించి జైలుకు పోయినవాడు. భార్య మాండీ, కూతుళ్లు బెత్, రేచల్ అతని కంటబడకుండ అక్కడ తలదాచుకొన్నారు. జైలునుంచి విడుదలైన ట్రెవర్ వారి జాడ కనుగొన్నాడు, మారిపోయానన్నాడు, నమ్మించి ఇంట చేరాడు. మళ్లీ దెబ్బలు మొదలైనవి. కడకు చిన్నకూతురిపై సైతం అఘాయిత్యానికి ఒడిగట్టాడు. అతనికి విషం పెట్టవలెనని తల్లీ పెద్దకూతురూ తలచారు. 1993 మే నెలలో మాండీ వంటింటి కత్తితో అతనిని పొడిచినది. శవాన్ని పెరటిలో పూడ్చిపెట్టారు. 1995 జనవరిలో ఆ నేల త్రవ్వగా శవం బయటపడినది. తల్లికి యావజ్జీవ కారాగారం, బెత్‌కు కుట్రానేరానికి అయిదేండ్ల శిక్ష పడినవి. బెత్ పుట్టుకతో వచ్చిన గుండెజబ్బుతో జైలుగదిలోనే మరణించినది. తరువాత తల్లి విడుదలైనది. ఆ విడుదలను చూచుటకు కూతురు లేదు.

ట్రెవర్ చావుకు ఎవరు బాధ్యులు? చట్టం అడిగే ప్రశ్నలు పరిమితమైనవి. ఎవరు పొడిచారు? చంపే ఉద్దేశంతోనా? ఆత్మరక్షణకా? రెచ్చగొట్టబడిన కోపంలోనా? కోపానికి సంబంధించిన కొలతను 1949లో డఫీ అనే స్త్రీ కేసులో న్యాయమూర్తి డెవ్లిన్ ఏర్పరచారు. నిందితురాలు ఆకస్మికంగా, తాత్కాలికంగా తనపై తాను అదుపు కోల్పోయి ఉండవలెను. భగ్గున మండే కోపానికి ఈ కొలత సరిపోతుంది. కాని ఏండ్ల తరబడి దెబ్బలు తిన్నవారి కోపం ఊకనిప్పు వంటిది. పైకి మంట కనిపించదు, లోపల ఆరదు. బలవంతుడు ఎదుట నిలిచి ఉండగా బలహీనురాలు తిరగబడితే ఆ పోరులో చచ్చేది ఆమెయే. కనుక ఆమె అతడు నిద్రించేదాక ఆగుతుంది. ఆగిన ఆ గడియలనే చట్టం పూర్వాలోచన అన్నది.

ఇది కల్పితకథకు పరిమితమైన చిక్కు కాదు. పంజాబునుంచి ఇంగ్లండుకు కాపురానికి వెళ్లిన కిరణ్‌జిత్ అహ్లువాలియా పదేండ్లు భర్త పెట్టిన బాధలు పడి, 1989 మే నెలలో అతడు నిద్రిస్తుండగా పెట్రోలు పోసి నిప్పంటించినది. అతడు కొద్దిరోజులకు మరణించాడు. ఆ ఏటనే ఆమెకు హత్యానేరానికి యావజ్జీవశిక్ష విధించారు. ‘సౌత్‌హాల్ బ్లాక్ సిస్టర్స్’ అనే మహిళాసంస్థ ఆమె పక్షాన నిలిచినది. 1992 జూలై 31న అప్పీలు కోర్టు ఆ తీర్పును రద్దుచేసి పునర్విచారణకు ఆజ్ఞాపించినది. కొంత ఆలస్యమైనంత మాత్రాన కోపకారణం లేదనరాదని కోర్టు ఒప్పుకొన్నది. అయినా ఆమెను కాపాడినది ఆ వాదం కాదు. హింసవల్ల ఆమె మనఃస్థితి దెబ్బతిన్నదన్న వైద్యసాక్ష్యం. సెప్టెంబరులో, అప్పటికే అనుభవించిన శిక్ష చాలునని ఆమెను విడుదల చేశారు. ఆ మరుసటి ఏటనే బ్రూక్‌సైడ్‌లో మాండీ కత్తి పట్టినది. అదుపు తప్పుట ఆకస్మికం కానక్కరలేదని ఇంగ్లండు చట్టం స్పష్టంగా చెప్పడానికి 2010 అక్టోబరు వరకు పట్టినది.

మన దేశంలో ‘తీవ్రమైన, ఆకస్మికమైన’ ప్రకోపం అనే మాట పాత శిక్షాస్మృతి 300వ సెక్షనులో ఉండెను. 2024 జూలైనుంచి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 101వ సెక్షనులోనూ ఉన్నది. హతుని పూర్వచర్యలు నిందితుని మనసులో కలిగించిన నేపథ్యాన్ని గూడ గమనింపవచ్చునని 1961లో నానావతి కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. తలుపు కొద్దిగా తెరిచి ఉన్నది, అంతే.

కాని చట్టం ఎంత ఉదారమైనా అది విచారించేది కత్తి పట్టిన మనిషినే. మొదటి దెబ్బనాడు ‘సర్దుకుపొమ్మ’న్న పెద్దల మాటేమి? ‘పొరుగు సంసారం మనకెందుకు’ అన్న ఇరుగుపొరుగు మాటేమి? గోడకు చెవులున్నవని అంటారు గాని, ఆ చెవులకు నోరు రావడం అరుదు. ఈ మౌనాలలో పెక్కింటికి శిక్ష లేదు, ఉండనక్కరలేదు కూడ. ప్రతి మౌనాన్నీ శిక్షించదలిస్తే చెరసాలలు చాలవు. మరొక వంక, కారణాలు అనేకమన్న మాట అర్జునుని చేతిలో బాణం లేదని చెప్పడానికి కాదు. ట్రెవర్ దుర్మార్గుడే, అతనిదీ ప్రాణమే. పెరటిలో రెండేండ్లు దాచినా ఆ చావు దాగలేదని చూపడంలో బ్రూక్‌సైడ్ నిజాయితీ ఉన్నది.

మరి బెత్ చావుకు ఎవరు బాధ్యులు? చట్టానికి అక్కడ నేరస్థుడు కనిపించడు. గుండె ఆగినది, అంతే. నైతికంగా చూస్తే ఆమెను చంపినది కథకుడు. ఆ పాత్ర ధరించిన నటి వీడిపోయే తరుణం వచ్చినది. పాత్రను సాగనంపడానికి చావు దగ్గరి దారి అయినది. ఏ న్యాయాధీశుడూ విధించని మరణశిక్షను కలం విధించినది. అట్టి ఇంటిలోనే కూర్చుండి ఆ దృశ్యం చూచిన ఆడపిల్ల దానినుంచి ఏ పాఠం గ్రహించి ఉంటుంది? ఎదురు తిరిగితే చెఱ, చెఱలో చావు అనే గదా! కథకునిపై కేసు ఉండదు. ఉండరాదు. కాని ఈ ప్రశ్నకు అతడు జవాబుదారియే.

ఉపాధ్యాయులకు ఈ మాట మరింత దగ్గరిది. బాలలపై లైంగిక నేరాలను గూర్చిన 2012 నాటి ‘పోక్సో’ చట్టం ఒక గొప్ప మార్పు తెచ్చినది. అట్టి నేరం జరిగినదని తెలిసినవారెవరైనా పోలీసులకు తెలుపవలెను. తెలిసి దాచుట శిక్షార్హం. అనగా ఒకానొక మౌనం నైతికదోషంగా మిగిలిపోక, నేరాల పట్టికలో చేరినది. రేచల్ వంటి పిల్ల ఏ తరగతిలోనైనా వెనుక బల్లమీద కూర్చుండి ఉండవచ్చు. ఆమె ఇంటిలో ఎవరూ అడగని మాటను అడుగగలిగినవాడు ఉపాధ్యాయుడే కావచ్చు.

కనుక ధారావాహికలు చూడవద్దని విద్యార్థులకు చెప్పి ప్రయోజనం లేదు. రాత్రి చూచిన చావును గూర్చి మరునాడు తరగతిలో రెండు ప్రశ్నలు వేయండి. దీనికి చట్టం ఎవరిని శిక్షిస్తుంది? ఈ చావు జరుగకుండ ఎవరెవరు, ఏ రోజున, ఏ మాట చెప్పి ఆపగలిగి ఉండిరి? మొదటి ప్రశ్నకు జవాబు సాధారణంగా ఒక పేరుతో ముగుస్తుంది. రెండవ ప్రశ్నకు పిల్లలు వ్రాసే పట్టికలో చూచినవారు, విన్నవారు, ఊరకున్నవారు వరుసగా వస్తారు. ఆ పట్టిక వ్రాయడం అలవడిన పిల్లలు రేపు పొరుగింటి కేక విన్నప్పుడు తలుపు వేసుకొనరని మా ఆశ.