సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు: గేర్‌బాక్స్ పోతే నష్టం ఎవరిది? తేల్చేది మెకానిక్ కాదు.. కాగితమే!

సిగ్నల్ దగ్గర గ్రీన్ పడింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ మోగుతోంది కానీ బండి కదలట్లేదు. డ్యాష్‌బోర్డు మీద గేర్ గుర్తు మెరుస్తోంది. వెనక హారన్ల మోత. కారు కొని మూడు నెలలే అయింది. అమ్మినాయనకు ఫోన్ చేస్తే, ‘నేను ఇచ్చినప్పుడు బాగానే ఉందండీ’ అన్నాడు. డీలర్‌ని అడిగితే, ‘మేం మధ్యవర్తులమే సార్’ అన్నాడు. సర్వీస్ సెంటర్ వాళ్లు మాత్రం కొన్న ధరలో నాలుగో వంతు ఎస్టిమేట్ చేతిలో పెట్టారు.

సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు కొన్నవాళ్లంతా లోలోపల భయపడే సీన్ ఇదే. ఇలాంటప్పుడు డబ్బు ఎవరి జేబులోంచి పోతుంది? తప్పించుకునే దారి ఉందా? చూద్దాం.

ఇప్పుడే ఈ సమస్య ఎందుకు?

మన దేశంలో ఆటోమేటిక్ కారు సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది 2014లో. ఆ ఏడాది ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో మారుతి సెలెరియోని ఏఎంటీ గేర్‌బాక్స్‌తో తీసుకొచ్చింది. ఆ తర్వాత దాదాపు అన్ని కంపెనీలూ అదే దారి పట్టాయి. డ్యూయల్ క్లచ్ కార్లు కూడా ఆ రోజుల్లోనే పెరిగాయి.

అప్పటి కార్లన్నీ ఇప్పుడు రెండో చేతికో, మూడో చేతికో వస్తున్నాయి. కంపెనీ వారంటీ ఎప్పుడో అయిపోయింది. పాత ఓనర్ ఎలా నడిపాడో, ఆయిల్ ఎప్పుడు మార్చాడో కొత్త ఓనర్‌కి తెలియదు. రేటు మాత్రం ఊరిస్తుంది. మెలిక అంతా అక్కడే ఉంది.

ఆటోమేటిక్ అంటే ఒకటి కాదు.. నాలుగు

ఏఎంటీ: లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కడం, గేర్ మార్చడం మనిషి బదులు యాక్చుయేటర్ చేస్తుంది. క్లచ్ ప్లేట్ అరిగిపోవడం, యాక్చుయేటర్ మొరాయించడం దీని ప్రధాన రోగాలు. నాలుగింట్లో రిపేర్ ఖర్చు సాధారణంగా దీనికే తక్కువ.

సీవీటీ: గేర్లు ఉండవు. రెండు పుల్లీల మధ్య స్టీల్ బెల్ట్ తిరుగుతుంది. నడక మెత్తగా ఉంటుంది. దీనికంటూ ప్రత్యేకమైన ఆయిల్ ఉంటుంది. దాని బదులు వేరేది పోస్తే బెల్ట్ జారి, లోపలి భాగాలు గీతలు పడతాయి. బండి వణకడం, ఈల లాంటి శబ్దం రావడం మొదటి లక్షణాలు.

డీసీటీ: రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒకటి నడుస్తున్న గేర్‌ని, ఇంకోటి రాబోయే గేర్‌ని పట్టుకుంటుంది. అందుకే గేర్లు మెరుపులా మారతాయి. క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉండని ‘డ్రై’ రకమైతే వేడి త్వరగా దిగదు. వీటిని నడిపించే మెకట్రానిక్స్ యూనిట్ పాడైతే బిల్లు లక్ష దాటడం మామూలే.

టార్క్ కన్వర్టర్: ఇది పాత పద్ధతి. గట్టిదనే పేరుంది. కానీ ఆయిల్ మార్చకుండా వదిలేస్తే ఇదీ మొరాయిస్తుంది.

అందుకే ‘ఆటోమేటిక్ కొంటున్నా’ అంటే సరిపోదు. ఏ ఆటోమేటిక్ అన్నదే అసలు ప్రశ్న.

ముందే ఎందుకు పోతుంది?

మొదటి శత్రువు వేడి. అమీర్‌పేట, పంజాగుట్ట, హైటెక్ సిటీ రూట్లో సాయంత్రం ఏడింటికి కారు ఎలా నడుస్తుందో తెలిసిందే. అడుగు కదలడం, ఆగడం, మళ్లీ అడుగు. ఆ వేగంలో ఏఎంటీ, డ్రై డీసీటీ క్లచ్‌లు పూర్తిగా పట్టుకోవు. సగం జారుతూనే ఉంటాయి. మాన్యువల్ కారులో హాఫ్ క్లచ్ మీద నడిపినట్టే అన్నమాట. ఫ్లైఓవర్ ఎక్కేచోట బ్రేక్ వేయకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టే అలవాటు ఉంటే క్లచ్ ఇంకా త్వరగా కాలిపోతుంది.

రెండోది ఆయిల్. ‘ఈ గేర్‌బాక్స్‌కి ఆయిల్ మార్చక్కర్లేదు, లైఫ్‌టైమ్’ అన్న మాట చాలామంది విన్నదే. పెద్ద పెద్ద కార్లకు గేర్‌బాక్స్‌లు తయారుచేసే జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్ మాత్రం తన ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదంటే ఎనిమిదేళ్లకోసారైనా ఆయిల్ మార్చమని చెబుతోంది. మొదటి ఓనర్ చేతిలో ‘లైఫ్‌టైమ్’ బాగానే గడిచిపోతుంది. ఆ లైఫ్ ముగిసేది రెండో ఓనర్ చేతిలో!

మూడోది నీళ్లు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. గేర్‌బాక్స్‌కి గాలి వెళ్లే చిన్న గొట్టం ఉంటుంది. దాని నుంచి నీళ్లు దిగితే ఆయిల్ పాలలా మారిపోతుంది. కంట్రోల్ యూనిట్ కనెక్టర్లకు తుప్పు పడుతుంది. బండిని ఆరబెట్టి, పాలిష్ చేసి అమ్మేస్తే బయటికి ఏమీ కనపడదు. నెలల తర్వాత గేర్‌బాక్స్ బయటపెడుతుంది.

నాలుగోది డిజైన్ లోపం. ఇందులో డ్రైవర్ తప్పేమీ ఉండదు. కానీ నింద పడేది ఎక్కువగా డ్రైవర్ మీదే.

‘మీ డ్రైవింగ్ వల్లే’.. ఆస్ట్రేలియా కోర్టు ఏం చేసింది?

ఈ మాట మన దగ్గరే కాదు, ఆస్ట్రేలియాలోనూ వినపడింది. ఫోర్డ్ కంపెనీ ఫియెస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్ కార్లలో ‘పవర్‌షిఫ్ట్’ అనే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ ఇచ్చింది. బండి వణుకుతోంది, కుదుపులు వస్తున్నాయని కస్టమర్లు మొత్తుకున్నారు. ‘మీరు నడిపే తీరు వల్లే’ అన్న సమాధానం చాలామందికి వచ్చింది. అక్కడి వినియోగదారుల కమిషన్ కోర్టుకెక్కింది. 2018లో ఫెడరల్ కోర్టు, 2015-16లో ఈ ఫిర్యాదులతో కంపెనీ వ్యవహరించిన తీరు తప్పేనంటూ ఫోర్డ్ ఆస్ట్రేలియాకు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది.

చైనాలో ఇంకో కథ. ఫోక్స్‌వ్యాగన్ డీఎస్‌జీ గేర్‌బాక్స్‌పై ఫిర్యాదులు వెల్లువెత్తడంతో 2012లో కంపెనీ వాటి వారంటీని పదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లకు పెంచింది. 2013 మార్చి 15న ప్రభుత్వ టీవీ ఛానల్ కథనం వేయడం, ఆ వెంటనే 3,84,181 కార్ల రీకాల్ ప్రకటించడం చకచకా జరిగిపోయాయి. అదే ఏడాది నవంబర్‌లో ఏడు గేర్ల డీఎస్‌జీలో ఆయిల్ మార్చేందుకు ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల కార్లను వెనక్కి పిలిచింది.

రెండు చోట్లా జరిగింది ఒకటే. విడివిడిగా అడిగినన్నాళ్లూ ‘మీ తప్పే’ అన్నారు. ఫిర్యాదులన్నీ ఒకచోట చేరి, వాటి వెనక ఒక సంస్థ నిలబడ్డాక లెక్క మారింది.

మరి మన దగ్గర?

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో రీకాల్ అధికారం ప్రభుత్వానికి వచ్చింది. నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. కానీ అవి ఏడేళ్లలోపు వాహనాలకే. అదీ భద్రతకో, పర్యావరణానికో ముప్పు తెచ్చే లోపాలకే. ఎనిమిదేళ్ల నాటి బండి గేర్‌బాక్స్ వణికితే దాని ఓనర్‌కి ఈ దారి మూసుకుపోయినట్టే.

కారు ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకుంటే పొరపాటే. మామూలు పాలసీలో అరుగుదల, మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ కవర్ కావు. నీళ్లు దిగి గేర్‌బాక్స్ పాడైతే మాత్రం ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ కొన్ని పాలసీల్లో ఆదుకుంటుంది.

ఇక మిగిలింది అమ్మినవాళ్లే. ఇక్కడే కాగితం కీలకం. చాలా డీల్స్‌లో డబ్బు డీలర్ తీసుకుంటాడు. కానీ ఆర్‌సీ మాత్రం పాత ఓనర్ నుంచి నేరుగా కొత్త ఓనర్ పేరు మీదికి మారుతుంది. డీలర్ పేరు ఎక్కడా ఉండదు. గొడవ వస్తే ‘మేం మధ్యవర్తులమే’ అనే మాట బయటికొచ్చేది అందుకే. దీనికి అడ్డుకట్ట వేసేందుకే 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. పాత వాహనాల డీలర్లు రిజిస్ట్రేషన్ అధికారి నుంచి ఆథరైజేషన్ తీసుకోవాలి. వాహనం వాళ్ల చేతికి వచ్చిందని ఆన్‌లైన్‌లో తెలియజేశాక, దాన్ని అమ్మేదాకా డీలరే ఓనర్ కింద లెక్క. కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న ‘లాస్ట్ రేటెంత?’ కాదు. ‘ఆథరైజేషన్ ఉందా? మీ పేరు మీద బిల్లు ఇస్తారా?’

డీలర్ బిల్లు ఇస్తే వినియోగదారుల రక్షణ చట్టం-2019 మీ వెంట ఉంటుంది. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. మీరు ఉంటున్న జిల్లాలోనే వేసుకోవచ్చు. ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. 5 నుంచి 10 లక్షలైతే రూ.200. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. లోపం పరీక్ష చేస్తే తప్ప తేలదనుకుంటే కమిషన్ ల్యాబ్ రిపోర్ట్ కూడా తెప్పించుకోవచ్చు. కోర్టు దాకా వెళ్లేముందు జాతీయ హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేయొచ్చు.

ఒక వ్యక్తి దగ్గర నేరుగా కొంటే? ఆయన వ్యాపారి కాదు కాబట్టి ఈ దారి కష్టం. తెలిసీ లోపం దాచిపెట్టాడని, అబద్ధం చెప్పి అమ్మాడని కాంట్రాక్ట్ చట్టం కింద సివిల్ కోర్టుకి వెళ్లాలి. అక్కడ పనికొచ్చేది వాట్సాప్ చాటే. ‘గేర్‌బాక్స్‌లో ఏ సమస్యా లేదు, ఎప్పుడూ రిపేర్ చేయించలేదు’ అని ఆయన రాసిన ఒక్క లైన్, గంట సేపు మాట్లాడిన ఫోన్ కాల్ కంటే విలువైనది.

గేర్‌బాక్స్ మొరాయిస్తే వెంటనే ఏం చేయాలి?

1. బండి ఆపేయండి. ‘ఇంటిదాకా వెళ్లిపోదాం’ అనుకుంటే క్లచ్‌తో పోయేది మొత్తం గేర్‌బాక్స్ మీదికి వస్తుంది.

2. తాడు కట్టి లాగించొద్దు. ఇంజిన్ ఆఫ్‌లో ఉండి చక్రాలు తిరిగితే చాలా ఆటోమేటిక్‌లలో లోపల ఆయిల్ సరఫరా ఉండదు. ఫ్లాట్‌బెడ్ మీదే తీసుకెళ్లాలి.

3. డ్యాష్‌బోర్డు హెచ్చరికలు, కిలోమీటర్ల రీడింగ్ వీడియో తీయండి.

4. విప్పడానికి ముందే అమ్మినవాళ్లకు, వారంటీ ఇచ్చినవాళ్లకు మెయిల్ పెట్టండి. ముందే విప్పేస్తే ‘మీ మెకానిక్కే పాడు చేశాడు’ అంటారు. చాలా వారంటీలలో ముందస్తు అనుమతి లేకుండా చేయించిన రిపేర్‌కి డబ్బు రాదు.

5. స్కాన్ రిపోర్ట్ ప్రింట్ తీసుకోండి. ఏ కోడ్ వచ్చింది, ఏ పార్ట్ పోయింది, ఎందుకు పోయింది అన్నది రాతపూర్వకంగా అడగండి.

6. ‘మొత్తం గేర్‌బాక్స్ మార్చాల్సిందే’ అంటే ఇంకో చోట చూపించండి. కొన్నిసార్లు సెన్సర్, వైరింగ్, బ్యాటరీ వీక్ కావడం వల్లా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. ఆటోనగర్‌లో పాత గేర్‌బాక్స్ చవగ్గా దొరకొచ్చు. కానీ కంట్రోల్ యూనిట్ మీ బండికి మ్యాచ్ అవుతుందా, బిగించాక ఎన్నాళ్లు గ్యారంటీ అన్నది బిల్లు మీద రాయించుకోవాలి.

7. సర్వీస్ రికార్డు మొత్తం ఉంటే కంపెనీని ‘గుడ్‌విల్’ సాయం అడగండి. వారంటీ అయిపోయినా ఖర్చులో కొంత భరించిన సందర్భాలు ఉంటాయి. అడగనిదే రాదు.

కొనే ముందు అరగంట చాలు

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడండి. ముందే స్టార్ట్ చేసి వేడెక్కించారంటే ఏదో దాస్తున్నారేమో అని అనుమానించాల్సిందే. బ్రేక్ మీద కాలు ఉంచి ఆర్, డి మార్చి చూడండి. ‘ధడ్’ మన్నా, గేర్ పడటానికి ఆలస్యమైనా జాగ్రత్త. ఖాళీ రోడ్డు మీద కాదు, ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు నడపండి. ఏదైనా ఎత్తులో రివర్స్ ఎక్కించండి. తర్వాత ఆ బ్రాండ్ సర్వీస్ సెంటర్‌లో స్కాన్ చేయించండి. ఛాసిస్ నంబర్‌తో సర్వీస్ హిస్టరీ అడగండి.

‘వారంటీ ఉంది సార్’ అంటే సంబరపడొద్దు. గేర్‌బాక్స్ పేరు అందులో ఉందా? క్లచ్‌ని ‘అరిగే భాగం’ అని తీసేశారా? గరిష్ఠంగా ఎంత ఇస్తారు? ఈ మూడింటికీ జవాబు కాగితం మీద ఉండాలి.

చివరికి ఒక్క మాట

బిల్లు చూసి బెదిరిపోయినవాళ్లకి సులువైన దారి ఒకటి కనిపిస్తుంది. కోడ్‌లు చెరిపించి, బండి కదులుతున్నప్పుడే ఇంకొకరికి అంటగట్టేయడం. చాలామందికి సమస్య వచ్చిందే ఆ దారిన. అలా అమ్మితే, నిన్నటిదాకా మోసపోయినవాడు రేపు అదే కాంట్రాక్ట్ చట్టం ముందు దాచిపెట్టినవాడిగా నిలబడాల్సి వస్తుంది. లోపం చెప్పి, రిపేర్ ఎస్టిమేట్ చూపించి, ఆ మేరకు ధర తగ్గించి అమ్మితే నష్టం కొంత ఉంటుంది. కానీ అది అక్కడితో ఆగుతుంది.