ఏరియల్‌కు నాడి చూసే పెట్టె

హామ్ రేడియో అభిరుచిగల మన కుర్రవాళ్ళు నెట్‌వర్క్ అనలైజరు ఇంట్లో చేసుకోవచ్చునా అని అడుగుతూ వుంటారు. చేసుకోవచ్చును. అయితే అది దేనికో ముందు తెలిసివుండాలి.

7.1 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడదలచినవారు సుమారు 20 మీటర్ల తీగను మధ్యకు తెంచి, అక్కడ కేబులు తగిలించి డాబా మీద కడతారు. కొలత కుదరకపోతే పంపిన శక్తిలో కొంత వెనక్కు వస్తుంది. స్టాండింగ్ వేవ్ నిష్పత్తి 3 అయితే నూటికి 25 పాళ్ళు వెనక్కే! మామూలు మీటరు ఆ సంగతి చెప్పి వూరుకుంటుంది. తీగ పొడుగైనదా, పొట్టిదైనదా అన్నది చెప్పదు. అనలైజరు చెబుతుంది. తిరిగివచ్చిన అల ఎంత అన్నదే గాక, పంపిన అలకు ఎంత వెనుకబడి వచ్చిందో కూడా అది కొలుస్తుంది గనుక.

ఇది కాలక్షేపపు లెక్క కాదు. 1999 అక్టోబరు 29న పెనుతుపాను ఒడిశా తీరాన్ని వూడ్చివేసినప్పుడు టెలిఫోనులు మూగపోగా హామ్‌లు కబుర్లు అందించారు. బ్యాటరీ మీద నడిచే సెట్టుకు నాలుగోవంతు పోగొట్టుకునే స్తోమత ఎక్కడిది?

ఇక తయారీ. సెకనుకు 70 లక్షల సార్లు వూగే అలను నేరుగా కొలవడం ఇంట్లో అయ్యే పని కాదు. పాత వాల్వు రేడియోలోని వుపాయమే ఇక్కడా శరణ్యం. ఎస్ఐ 5351 అనే చిన్న చిప్పు రెండు అలలు పుట్టిస్తుంది. ఒకటి తీగకు, రెండవది దానికి 5 కిలోహెర్ట్జ్ ఎడంగా. ఎస్ఎ 612 మిక్సరులో రెంటినీ కలిపి వడగడితే ఆ 5 కిలోహెర్ట్జ్ తేడా మిగులుతుంది. అది చెవికి వినబడే స్వరమే! పాటలకు వాడే ఆడియో చిప్పు దానిని అంకెలుగా మార్చగలదు. పంపిన అలకొక మిక్సరు, తిరిగివచ్చినదానికి మరొకటి వుండాలి. జపాను హామ్ ఒకాయన రూపొందించిన నానోవిఎన్ఎ ఈ కిటుకు మీదనే నడుస్తుంది.

చేతి పనితనమంతా బ్రిడ్జిలో వున్నది. మూడు భుజాలకు 50 ఓముల రెసిస్టర్లు, నాలుగో భుజాన ఏరియల్. తీగ చుట్టిన రెసిస్టరు వాడారో, అది కాయిల్ అయి కూర్చుంటుంది. కాళ్ళులేని చిన్న చిప్ రెసిస్టర్లు మేలు. మిక్సర్ల మధ్య రేకు అడ్డు పెట్టండి. లేకపోతే ఒకదాని గుసగుస మరొకదానికి వినబడుతుంది.

త్రాసు సరిచూడకుండా ఏ కంసాలీ బంగారం తూచడు గదా. కొలిచేముందు కేబులు కొసను ఒకసారి ఖాళీగా వదలి, ఒకసారి షార్టు చేసి, ఒకసారి 50 ఓముల లోడు తగిలించి చూడాలి. ఆ మూడు కొలతలతో పెట్టెలోని వంకరలనూ, కేబులు ప్రభావాన్నీ లెక్కకట్టి తీసివేయవచ్చును. లోడు మాత్రం నిజమైన 50 ఓములే కావాలి. అక్కడ పొదుపు చేయవద్దు.

తయారైన నానోవిఎన్ఎ చవకగానే దొరుకుతుంది. పని జరిగితే చాలుననుకునేవారు అదే కొనుక్కోండి. నేర్చుకోదలచినవారు మాత్రం బ్రిడ్జి అయినా చేతులతో కట్టండి.

అనలైజరు తగిలించి వుండగా పక్క ఏరియల్ మీద కూడా ట్రాన్స్‌మిటరు మీట నొక్కకండి. మిక్సరు కాలిపోవడానికి ఒక్క క్షణం చాలు.