సన్నగా ఉన్నోళ్లకు షుగర్ వస్తే... కండ పెంచేదెట్లా?

"షుగర్ వచ్చిందా? అయితే అన్నం బంద్ చెయ్ తమ్ముడూ!"

మన దగ్గర అందరూ ఇచ్చే సలహా ఇదే. పొట్ట ఉన్నోళ్లకు కొంత పనికొస్తుందేమో. మరి గుమ్మడిదల, బొంతపల్లి, అన్నారం ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తూ, 55 కిలోలు కూడా దాటని కుర్రాడి సంగతేంటి? అన్నం మానేస్తే షుగర్ కాస్త దిగొచ్చు, కానీ మనిషి ఇంకా ఎండిపోతాడు. అది చూసి ఎవరో మాస్ గెయినర్ డబ్బా కొనమంటారు. రెండూ తప్పు దారులే.

అసలు సన్నగా ఉన్నోళ్లకు షుగర్ ఎందుకు? 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒకటే: 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! చూడ్డానికి బక్కగా ఉన్నా, లోపల కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. మనలో చాలామంది ఒళ్లు ఇలాంటిదే.

కండ ఎందుకంత ముఖ్యం? తిన్న తర్వాత ఇన్సులిన్ రక్తంలోని చక్కెరను ఎక్కువగా కండరాల్లోకే పంపుతుంది. ఫోన్ లెక్కలో చెప్పాలంటే ఇది స్టోరేజ్ సమస్య. 32 జీబీ ఫోన్‌లో నాలుగు వీడియోలకే మెమరీ ఫుల్. 128 జీబీ అయితే అవే వీడియోలు హాయిగా పడతాయి. కండ పెంచడమంటే స్టోరేజ్ పెంచుకోవడమే.

ముందు షుగర్, తర్వాత జిమ్

షుగర్ బాగా ఎక్కువగా ఉంటే తిన్నది మూత్రంలో పోతుంది. శక్తి కోసం ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. అప్పుడు ఎంత తిన్నా బరువు పెరగరు. కాబట్టి ముందు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) చూపించుకోండి. కారణం లేకుండా బరువు తగ్గుతుంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి. అది టైప్-1 కావచ్చు. షుగర్ ఉన్నోళ్లకు టీబీ ముప్పు కూడా ఎక్కువే. డపాగ్లిఫ్లోజిన్ లాంటి గోలీలు బరువు తగ్గిస్తాయి, అదీ అడగండి. సొంతంగా మాత్రం ఆపొద్దు. డాక్టర్ ఇన్సులిన్ రాస్తే భయపడొద్దు, పోయిన బరువు తిరిగి రావడానికి అదే సాయం చేస్తుంది.

పళ్లెంలో ఏముండాలి?

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో పెద్దోళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 55 కిలోలకు సుమారు 46 గ్రాములు. బరువులెత్తేవాళ్లకు కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాములు, అంటే కనీసం 66. మూడు గుడ్లు (18), పావు కిలో కన్నా తక్కువే, 150 గ్రాముల చికెన్ (30), గుప్పెడు శనగలు (10), ఒక కప్పు గట్టి పప్పు (10) తింటే దాదాపు సరిపోయినట్టే. కిడ్నీ ఇబ్బంది ఉంటే ఈ లెక్క వర్తించదు. ముందు క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించండి.

అన్నం పూర్తిగా మానొద్దు. ప్రతి పూటా ఒకే కొలత పెట్టుకోండి. జొన్న రొట్టె మంచిదే గానీ అందులోనూ పిండి పదార్థమే ఉంటుంది, లెక్క లేకుండా లాగించొద్దు. బరువు పెరగాలంటే పల్లీలు, పెరుగు కలపండి. మాస్ గెయినర్ డబ్బా వెనక చదవండి. చాలావాటిలో ముందుండేది మాల్టోడెక్స్‌ట్రిన్. అది చక్కెర కన్నా నెమ్మదేం కాదు.

బరువులెత్తేటప్పుడు

వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు గ్యాప్ ఇచ్చి చేయండి. జిమ్ లేకపోతే గుంజీలు, దండాలు, నీళ్ల క్యాన్ చాలు. నెమ్మదిగా బరువు పెంచుతూ పోండి.

ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ గోలీ గానీ వాడేవాళ్లకు ఒక మాట. వ్యాయామం తర్వాత గంటల తరబడి కండలు చక్కెర లాగుతూనే ఉంటాయి. సాయంత్రం బరువులెత్తి, తినకుండా నైట్ షిఫ్ట్‌కు పోతే మిషన్ దగ్గరే షుగర్ పడిపోవచ్చు. వణుకు, చెమట, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే చూసుకోండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర తిని, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. జేబులో గ్లూకోజ్ ప్యాకెట్, మీకు షుగర్ ఉందని తెలిసిన తోటి వర్కర్ ఒకరు, ఈ రెండూ తప్పనిసరి. టైప్-1 వాళ్లు షుగర్ 250 దాటి కీటోన్లు ఉంటే ఆ రోజు వ్యాయామం మానేయండి.

నెలకు కిలో పెరిగినా మంచిదే. అయితే నడుముకు టేపు కూడా పెట్టి చూడండి. నడుము అంతే ఉండి, పోయిన నెల లేపలేని బరువు ఈ నెల లేపుతున్నారంటే మీకు పెరిగింది కండే.