ఎవరి కన్నీళ్ళ కోసం ఈ సినిమాలు?

ఈమధ్య కొన్ని తెలుగు సినిమాలు వరుసగా చూశాను. నేను సినిమా విమర్శకురాలిని కాను. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఆడవాళ్ళ బతుకుల మీద పరిశోధన చేసేదాన్ని కాబట్టి నాలుగు మాటలు చెప్పక తప్పడం లేదు.

మొదట 'మర్డర్' (2020). 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో ప్రణయ్ అనే దళిత యువకుణ్ణి, గర్భవతి అయిన భార్య కళ్ళముందే నరికి చంపారు. పిల్ల తండ్రే డబ్బిచ్చి చేయించాడన్నది కేసు. ఆయన 2020లో చనిపోయాడు. మిగిలినవాళ్ళలో ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం విధిస్తూ నల్లగొండ కోర్టు 2025 మార్చిలో తీర్పు ఇచ్చింది. ఈ ఘోరాన్ని రాంగోపాల్ వర్మ ఎట్లా ప్రకటించాడు? కూతుర్ని అతిగా ప్రేమించిన తండ్రి కథ అని, అదీ ఫాదర్స్ డే నాడు! ఆపమని ఆ అమ్మాయి కోర్టుకెక్కినా సినిమా వచ్చింది. ప్రేమ ఎక్కువైతే బెంగ పెట్టుకుంటారు, అలుగుతారు. కిరాయి హంతకులకు బేరం పెడతారా? కులాన్ని కులం అనడానికి నోరు రానివాళ్ళకు 'ప్రేమ' అనే మాట ఎంత అక్కరకొస్తున్నదో చూడండి.

'లవ్ స్టోరీ' (2021) ఇంతకన్నా ఎంతో నయం. కులం గురించీ, ఇంట్లోనే పసిపిల్లల మీద జరిగే లైంగిక హింస గురించీ మాట్లాడింది. కానీ చివరికి లెక్క తేల్చేది హీరో చెయ్యే. ఫిర్యాదు తీసుకునేదాకా పోలీస్ స్టేషన్ మెట్ల మీద కూర్చునే మన తల్లుల కోసం ఏ హీరో వస్తాడు?

'మల్లేశం' (2019) నాకు నచ్చింది. ఆలేరు దగ్గర శారాజీపేట కథ. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి భుజం పడిపోతుంటే చూడలేక కొడుకు చేసిన యంత్రం అది. ఆ చాకిరీని తెర మీద శ్రద్ధగా చూపించారు, సంతోషం. అయితే ఒక ప్రశ్న మిగిలిపోయింది. మగ్గం మీద కూర్చున్నవాడు నేతగాడు. ఆసు పోసి, కండెలు చుట్టే ఆమె? 'ఇంటిపని' చేస్తున్నట్టు లెక్క. నొప్పి పోవడం వేరు, కూలి రావడం వేరు.

ఇక పాలమూరు. పట్నం వలసొచ్చి మట్టి మోసే కూలీల మీద బి. నర్సింగరావు 'మట్టి మనుషులు' 1990లో తీశారు. తట్ట మోసే ఆడమనిషి కథకు మన నిర్మాతల దగ్గర ఇప్పటికీ డబ్బు పుట్టదు.

మన సంఘాల మీటింగుల్లో 'మల్లేశం' వేద్దాం. అయ్యాక సినిమా ఎట్లుందని కాదు, ఆసు పోసినందుకు నీ చేతికి ఎంతొస్తదక్కా అని అడుగుదాం.