పిన్ మార్చుకోవచ్చు, వేలిముద్ర మార్చుకోలేం: పంట డబ్బు, సొంత వివరాల భద్రతపై రైతులకు సూచనలు



పెడన మండలంలో రెండెకరాల వరి వేసే రైతు ఏడాదిలో ఎన్నిసార్లు బొటనవేలు యంత్రం మీద పెడుతున్నాడో ఒకసారి లెక్క వేసుకోండి. ఈ-క్రాప్ నమోదుకు, పీఎం కిసాన్ ఈకేవైసీకి, ఎరువు కట్టకు, రేషన్ బియ్యానికి, ఇంట్లో పెద్దవాళ్ల పింఛనుకు, బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీసుకోవడానికి వేలిముద్ర వేస్తున్నాం. దీనికి తోడు 2025 నుంచి 11 అంకెల రైతు విశిష్ట సంఖ్య కూడా వచ్చింది. భూమి, పంట, ఖాతా, ఫోను, వేలిముద్ర అన్నీ ఆధార్‌తో ముడిపడ్డాయి.

ఇందులో మేలు ఉంది. 2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ తొలి విడత 5,000, పీఎం కిసాన్ 2,000 కలిపి 7,000 రూపాయలు మధ్యలో ఎవరి చేతులూ పడకుండా రైతు ఖాతాకు వచ్చాయి. ప్రమాదమూ అక్కడే ఉంది. ఇంట్లో అన్ని గదులకూ ఒకే తాళంచెవి ఉంటే, అది పరాయివాడికి దొరికిన రోజున అన్ని గదులూ పోతాయి.

మన రాష్ట్రాల్లోనే జరిగినవి

2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని భూమి దస్తావేజులు తీసి, వాటి మీది వేలిముద్రలతో నకిలీ ముద్రలు తయారు చేశాడు. వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆ ఏడాదే మన రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్ష మందికి పైగా లబ్ధిదారుల ఆధార్ వివరాలు అందరికీ కనిపించేలా ఉన్నాయని బయటపడింది. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఆంధ్రప్రదేశ్ దస్తావేజుల్లోని వేలిముద్రలకు నకళ్లు చేసి, ఆధార్ చెల్లింపుల పద్ధతిలో జనం ఖాతాల్లోంచి డబ్బు తీసింది.

ఈ ఖాతాదారులు ఎవరికీ ఓటీపీ చెప్పలేదు, ఏ లింకూ నొక్కలేదు. ఎప్పుడో పొలం కొన్నప్పుడు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర వేశారు, అంతే. ఆధార్ చెల్లింపులో డబ్బు తీయడానికి ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర చాలు. పిన్ అడగదు, ఓటీపీ రాదు. ఒక్కసారికి 10,000 రూపాయల వరకు తీయవచ్చు. పిన్ పోతే కొత్తది పెట్టుకుంటాం. బొటనవేలు కొత్తది రాదు కదా!

రిజర్వు బ్యాంకు 2025 జూన్ 27న ఈ చెల్లింపులు జరిపే ఆపరేటర్లపై కొత్త ఆదేశాలు ఇచ్చింది. 2026 జనవరి 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. ఆపరేటర్ ఎవరో బ్యాంకు పూర్తిగా విచారించాలి, మూడు నెలలు పని చేయనివారిని మళ్లీ తనిఖీ చేశాకే అనుమతించాలి, లావాదేవీలపై నిఘా పెట్టాలి. మంచిదే. కానీ మన వైపు తలుపు మనమే వేసుకోవాలి.

“నా దగ్గర దాచుకోవడానికి ఏముంది?”

ఈ మాట చాలామంది అంటారు. మీకు ఎన్ని సెంట్లు ఉంది, ఏ బ్యాంకులో ఎంత అప్పు ఉంది, ధాన్యం డబ్బు ఎప్పుడు పడుతుంది అన్నవి తెలిసినవాడు మీ పేరు పెట్టి పిలిచి, “మీ విడత ఆగింది, ఈ ఫైలు తెరవండి” అంటే నమ్మేస్తాం. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైళ్లు ఇలాంటివే. ఫోనులో ఇన్‌స్టాల్ చేసి అనుమతులు ఇస్తే మన మెసేజ్‌లు, ఓటీపీలు అవతలివాడికి చేరతాయి. ప్రభుత్వ యాప్ ఏదైనా ప్లే స్టోర్ నుంచే దించుకోవాలి.

వివరాలు మోసగాడి చేతికే పోనక్కర్లేదు. మీకు డబ్బు అవసరం ఎంత ఉందో ముందే తెలిసిన వ్యాపారి కల్లం దగ్గర బస్తాకు ఎంత ధర చెబుతాడో మీకు తెలియనిది కాదు.

రైతులు చేయవలసినవి

1. బయోమెట్రిక్ లాక్: ఆధార్ అధికారిక యాప్‌లో వేలిముద్రకు తాళం వేయవచ్చు. రైతు సేవా కేంద్రానికో రేషన్‌కో వెళ్లినప్పుడు తాత్కాలికంగా తీస్తే 10 నిమిషాల తర్వాత మళ్లీ పడిపోతుంది. లాక్‌లో ఉన్నా ఓటీపీతో జరిగే పనులు ఆగవు. ఇందుకు ఆధార్‌కు మీ ఫోను నంబరు లింకై ఉండాలి. ఫోను వాడని పెద్దవాళ్లకు పింఛను రోజున ఇబ్బంది రాకుండా, తాళం తీసే బాధ్యత ఇంట్లో ఒకరు తీసుకోవాలి.

2. ఆధార్ చెల్లింపు అక్కర్లేకపోతే బ్యాంకుకు రాసివ్వండి: మీరు ఏటీఎం కార్డు వాడేవారైతే, వేలిముద్రతో డబ్బు తీసే సదుపాయం మీ ఖాతాకు ఆపమని బ్రాంచిలో అడగండి. పథకాల డబ్బు జమ కావడం వేరు, వేలిముద్రతో తీయడం వేరు. రెండోది ఆపినా మొదటిది ఆగదు.

3. “ముద్ర పడలేదు, మళ్లీ పెట్టు” అన్నప్పుడు: నాట్లు, కలుపు పనులతో వేళ్లు అరిగి ముద్ర పడకపోవడం నిజమే. దీన్నే కొందరు అవకాశంగా తీసుకుంటారు. మొదటిసారి డబ్బు తీసి, ఫెయిలైందని చెప్పి రెండోసారి పెట్టిస్తారు. ప్రతిసారీ తెర మీద ఏ పని, ఎంత మొత్తం అన్నది చూడండి, చదివించుకోండి. ఫెయిలైతే ఫెయిలైన రసీదు కూడా అడగండి.

4. జిరాక్సుల మీద రాయండి: ఆధార్ కాపీ మీద ఏ పనికి, ఏ తేదీన ఇస్తున్నారో రాసి సంతకం చేయండి. పూర్తి సంఖ్య అక్కర్లేని చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఊరి వాట్సాప్ గ్రూపులో ఆధార్, పాసుపుస్తకం ఫొటోలు ఎవరు పెట్టమన్నా పెట్టకండి, మా శాఖ వాళ్లయినా సరే. నేరుగా కేంద్రానికి తెచ్చి చూపించండి.

5. పేరు అద్దెకివ్వకండి: మీ పాసుపుస్తకం మీద తమ ధాన్యం అమ్ముకుంటామనో, మీ ఖాతా కొన్నాళ్లు వాడుకుంటామనో కమీషన్ ఆశ చూపేవారు ఉంటారు. రేపు విచారణ వస్తే నోటీసు మీకే, స్తంభించేది మీ ఖాతాయే. కౌలు రైతులు సాగుదారు హక్కు కార్డు తమ పేరున తీసుకుని, తమ ఖాతానే ఇవ్వాలి.

6. డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు: ఫోన్‌పే, గూగుల్ పే వంటి యూపీఐ యాప్‌లలో డబ్బు వస్తుందని చెప్పి పిన్ కొట్టమంటే, డబ్బు మన దగ్గర నుంచి పోతోందనే అర్థం.

డబ్బు పోతే

వెంటనే 1930కి ఫోను చేయండి. తొలి గంటలు ముఖ్యం. డబ్బు ఇంకో ఖాతాలోకి మారేలోపు ఆపగలిగే అవకాశం అప్పుడే. తర్వాత బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి. ఖాతాదారు తప్పూ, బ్యాంకు తప్పూ లేకుండా మూడోవారి వల్ల డబ్బు పోయినప్పుడు, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెబితే నష్టం ఖాతాదారుపై పడదని రిజర్వు బ్యాంకు 2017 జులై 6 సర్క్యులర్‌లో చెప్పింది. మనమే ఓటీపీ, పిన్ చెప్పి ఉంటే ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టం మనదే. అందుకే సిగ్గుపడి దాచకండి. 30 రోజుల్లో బ్యాంకు తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు, ఫోను 14448. ఆధార్ సమస్యలకు 1947.

అడిగే హక్కు మనకుంది

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు ఇచ్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి గానీ, ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. పైగా సబ్సిడీలు, పథకాల కోసం ప్రభుత్వం మన వివరాలు వాడుకోవడానికి ఆ చట్టంలో విడిగా వీలు ఉంది. అంటే మన వివరాలు ఎక్కువగా ఉన్న చోటే చట్టం కొంత వదులుగా ఉంది.

కాబట్టి గ్రామసభలో అడగండి. ఈ-క్రాప్ జాబితా సామాజిక తనిఖీకి గోడ మీద పెట్టినప్పుడు పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, పంట ఉంటే చాలు. ఆధార్, ఖాతా, ఫోను నంబర్లు అక్కడ ఉండనక్కర్లేదు. ఉంటే తీయించండి. వేలు పెట్టమన్నవారిని ‘దేనికి?’ అని అడగండి. జవాబు చెప్పడం మా ఉద్యోగంలో భాగమే.

మినుము చల్లే ముందు విత్తనం పట్టుకుని చూస్తాం, మొలక శాతం అడుగుతాం. వేలిముద్ర వేసే ముందు కూడా అంతే జాగ్రత్త పడండి. ఆధార్ యాప్‌లో తాళం వేయడం రాకపోతే ఆధార్‌కు లింకైన ఫోను పట్టుకుని మీ రైతు సేవా కేంద్రానికి రండి. పది నిమిషాల పని.