బోనం ఎవరిది, కుండ ఎవరిది?

ఆషాఢం వచ్చిందంటే మా మల్కాజ్‌గిరి బస్తీల్లో వేపమండలూ, పసుపూ, డప్పుల మోతా. ఈ బోనాలను గూర్చి మనలో రెండు వాదాలు చెలామణి అవుతున్నాయి. ఇది వట్టి మూఢవిశ్వాసమని మొదటి వాదం. ఇది మన అస్తిత్వానికీ, భిన్నత్వంలో ఏకత్వానికీ ప్రతీక అని రెండవది. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించిన తర్వాత ఈ వాదం మరింత బలపడింది. రెండు వాదాలూ దేవత దగ్గరే ఆగిపోతున్నాయి. కుండ చేసినవాడూ, డప్పు కొట్టినవాడూ రెండింటికీ కనిపించటం లేదు.

మొదటి వాదాన్ని పరిశీలిద్దాం. సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి గుడి పుట్టుకను గూర్చి చెప్పుకునే కథలో రాజు లేడు, జమీందారూ లేడు. 1813లో సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో ఉండగా హైదరాబాదు ప్రాంతంలో కలరా ప్రబలింది. అది తగ్గితే అమ్మవారిని ఇక్కడ నిలుపుతామని అతడూ, తోటివారూ మొక్కుకున్నారు. 1815లో తిరిగివచ్చి కొయ్య విగ్రహం ప్రతిష్ఠించారు. కలరా నీటిద్వారా వ్యాపిస్తుందని లండన్‌లో జాన్ స్నో 1854లో గాని రుజువు చెయ్యలేదు. శాస్త్రానికే తెలియని కాలంలో డోలీ మోసేవాడు మొక్కును ఆశ్రయిస్తే, నేడు కుర్చీలో కూర్చుని అతణ్ణి వెక్కిరించటం హేతువాదమా? ఆ భయాన్ని పుట్టించిన మురికినీటినీ, పేదరికాన్నీ నిలదియ్యటమే హేతువాదం.

రెండవ వాదం మరింత ప్రమాదకరం. ఊరేగింపులో అన్ని కులాలూ కలిసే నడుస్తాయి, నిజమే. కాని కుండ కుమ్మరులే చెయ్యాలనీ, డప్పు మాదిగలే కొట్టాలనీ పుట్టుకే నిర్ణయించింది. ఈ ఏర్పాటుకు భిన్నత్వమని పేరు పెడితే కులవ్యవస్థకు రంగుకాగితం అంటించినట్టే. పోనీ, ఆ వృత్తులైనా నిలుస్తున్నాయా? బోనం ఇత్తడి, స్టీలు బిందెల్లోకి మారుతున్నది. డీజే హోరులో డప్పు మునిగిపోతున్నది. వేదిక మీద మాత్రం అస్తిత్వాన్ని గూర్చి ఉపన్యాసాలు!

కలిసి బతకటం ప్రజలకు ఏ ప్రభుత్వమూ నేర్పనక్కరలేదు. మాకు సమీపంలోనే మౌలాలి గుట్ట ఉంది. కుతుబ్‌షాహీల నాటి ఆ షియా దర్గాకు సున్నీలూ, హిందువులూ తరతరాలుగా మెట్లెక్కుతూనే ఉన్నారు.

లష్కర్ బోనాల మర్నాడు రంగం. పచ్చికుండ మీద నిలబడి ఒక స్త్రీ భవిష్యవాణి చెబుతుంది. మంత్రులూ, అధికారులూ చేతులు జోడించి వింటారు. సామాన్య స్త్రీ మాటకు పాలకులు తలవంచే రోజు ఏడాదికి ఒక్కటే ఎందుకుండాలి? బస్తీ కుళాయి దగ్గర ఆమె అడిగే మాటకు ఎందుకు వంచరు?

ప్రభుత్వం గుళ్ళకు ఉత్సవ నిధులిస్తున్నది. అందులో డప్పు కొట్టినవాడికి ముట్టిందెంత? కుమ్మరికి మట్టి ఎక్కడ దొరుకుతున్నది? కలరాను తరిమే మంచినీరు బస్తీకి ఎన్నాళ్ళకొకసారి వస్తున్నది? విద్యార్థి మిత్రులు ఈ ఆషాఢంలో ఊరేగింపు వెంట నడిచి, ఈ ప్రశ్నలడిగి జవాబులు రాసుకోవాలి. వాటిలో ఉన్న స్థానిక చరిత్ర ఏ ప్రారంభోపన్యాసంలోనూ దొరకదు.