కొళాయి రాకపోతే వీధి యువత ఎవరిని అడగాలి?

ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల తాగునీటికి తుంగభద్ర దిగువ కాలువే ప్రధాన ఆధారం. కాలువ ఆగితే కొళాయి దగ్గర పాట్లు మీకు తెలిసినవే. మీ వీధి కుర్రాళ్లంతా కలిసి అడిగితే వినే వేదిక ఉందా?

1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లోనే వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది. 2011 లెక్కల ప్రకారం ఆదోని జనాభా సుమారు 1.66 లక్షలు, ఎమ్మిగనూరు జనాభా 95 వేలు. అంటే ఆ నిబంధన ఈ రెండు ఊళ్లకూ వర్తించదు.

అలాగని దారులు మూసుకుపోలేదు.

• ముందుగా వార్డు సచివాలయం. 2019లో మొదలైన ఈ వ్యవస్థలో నీరు, రోడ్లు, వీధి దీపాల పని ఎమినిటీస్ కార్యదర్శిది. నోటిమాటతో సరిపెట్టకండి. వీధివారందరి సంతకాలతో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి.

• కదలిక లేకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి.

• నీళ్లు ఏ వీధికి ఎన్ని రోజులకోసారి వదులుతున్నారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

పనంతా ఒక్కరి మీదే పెడితే, ఆ ఒక్కరు ఉద్యోగానికి ఊరు దాటగానే బృందం చెదిరిపోతుంది. అర్జీ ఒకరు, రసీదులు ఇంకొకరు, అధికారులతో మాటలు మరొకరు చూసుకోవాలి. ఇంటి నీళ్ల లెక్క తెలిసిన అమ్మాయిలను ముందుంచండి. ఇంకో మాట: కౌన్సిలర్‌గా పోటీకి 21 ఏళ్లు నిండితే చాలు.